ఆరు పైకి, నాలుగు కుడికి

తుపాకీ తన్నిన ప్రతిసారీ సుందర్ రాజ్ దాన్ని తెలుగులో తిట్టాడు. పక్కన నిలబడ్డ ఎమిల్‌కి తెలుగు రాదు కాబట్టి ఇబ్బంది లేదు. వెనకాల కార్‌లో కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటున్న భార్య నవోమికి మాత్రం అన్నీ వినబడుతున్నాయి. బాపట్ల మిషన్ కాంపౌండ్‌లో పెరిగిన మనిషికి ఇన్ని బూతులు ఎవరు నేర్పారా అని ఆమె నవ్వుకుంటూ ఉంది.

"మళ్లీ కిందికే. ఎడమవైపు," అన్నాడు ఎమిల్, బైనాక్యులర్స్ దించకుండానే.

యాభై గజాల అవతల మట్టిగట్టుకు ఆనించి ఒక పెద్ద అట్ట నిలబెట్టారు. దాని మధ్యలో పిన్నులు గుచ్చిన పేపర్ ప్లేట్ ఒకటి, పుట్టినరోజు పార్టీల్లో కేక్ పెట్టి ఇచ్చే రకం. ప్లేట్ మీద ఒక్క మచ్చ లేదు. సుందర్ రాజ్ కాల్చినవన్నీ దాని కింద ఎడమ మూలన, ఒకదానితో ఒకటి మాట్లాడుకోనట్టు ఎడంఎడంగా పడ్డాయి.

ఎమిల్ అతని ఫోర్‌మన్. అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్లో మందు సీసాలకు మూతలు చేసే ఫ్యాక్టరీ వాళ్లది. ఏటా డిసెంబరులో షాప్‌లో, అంటే వాళ్ల మెషీన్ల హాల్లో, పనిచేసేవాళ్లు సగంమంది ఎమిల్ ట్రక్కెక్కి ఉత్తరాన కొండల్లోకి జింకల వేటకు పోతారు. సుందర్ రాజ్ మెషీన్లకు కాపలా ఉంటాడు. తిరిగొచ్చాక క్రిస్మస్ దాకా అవే కబుర్లు. ఎవరు బురదలో జారిపడ్డారు, ఎవరి గురకకు జింకలు పారిపోయాయి. ఆ నవ్వుల మధ్య అతను టిఫిన్ డబ్బా మూత తీసుకుని తలవంచుకుని తినాలి. ఈ ఏడు, ఎనభై రెండులో, వాళ్లలో ఒకాయన రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోయాడు. ట్రక్కులో ఒక సీటు ఖాళీ అయింది. ఆ సీటు కావాలి. ఈ దేశం వచ్చాక సుందర్ రాజ్ దేన్నీ ఇంతగా కోరుకోలేదు.

ఎమిల్ షరతు ఒక్కటే. వరసగా మూడు దెబ్బలు ప్లేట్‌లో పడాలి. పడనివాడిని అడవిలోకి రానివ్వడు, సొంత బావమరిదైనా సరే.

"స్క్వీజ్, రాజ్, స్క్వీజ్! ట్రిగ్గర్ లాగకు."

సుందర్ రాజ్ స్క్వీజ్ చేశాడు. అంటే, తడి దుప్పటిని పిండినట్టు చేతినంతా బిగించి పిండాడు. ఈ రాష్ట్రంలో జింక వేటకు రైఫిల్ ఒప్పుకోరు, షాట్‌గనే. అందులో చిన్న గుళ్ల బదులు బొటనవేలంత సీసపు ముద్ద ఒక్కటే ఉండే స్లగ్ వేస్తారు. అది ముందుకు ఎంత జోరుగా పోతుందో, తుపాకీ వెనక్కి అంత కోపంగా వస్తుంది. కోటు లోపల ఎవరికీ తెలియకుండా మడతపెట్టుకున్న తువ్వాలు దాని ముందు ఏపాటి? భుజం మండిపోయింది. గుండు బయటికి పోకముందే కళ్లు మూతపడ్డ సంగతి అతనికి తెలియలేదు.

"సైటులోనే ఏదో తేడా ఉంది," అన్నాడు, గొట్టం మీద గురి చూసే అద్దం చూపిస్తూ.

"పొద్దున నీ తుపాకీ నేనే కాల్చి సరిచేసి ఇచ్చాను. సైటు బాగానే ఉంది. అది తన్నకముందే నువ్వు ముడుచుకుపోతున్నావు."

"ముడుచుకోవడం లేదు."

ఎమిల్ మాట పెంచలేదు. పాత చిల్లులకు టేపు అంటించి వస్తానని తుపాకీ ఖాళీ చేయించి, అట్ట దగ్గరికి నడిచాడు. అతని వీపు అటు తిరిగిందో లేదో, సుందర్ రాజ్ వేళ్లు సైటు మీదున్న రెండు చిన్న మరల మీదికి పోయాయి. ఒకటి పైకీ కిందికీ, ఇంకొకటి పక్కకీ. తిప్పితే టిక్కు టిక్కుమంటాయి. దెబ్బ కిందికి పోతోందా, పైకి తిప్పు. ఎడమకి పోతోందా, కుడికి తిప్పు. రోజంతా గేజ్‌తో మూతలు కొలిచే మనిషికి ఇదేం పెద్ద లెక్క? ఆరు పైకి తిప్పాడు. నాలుగు కుడికి తిప్పాడు.

తర్వాత కాల్చిన మూడింటిలో రెండు ప్లేట్ అంచును కొరికాయి.

"చూశావా!" అన్నాడు భుజం పట్టుకుని.

ఎమిల్ గడ్డం గోక్కున్నాడు. తర్వాత కార్ వైపు చెయ్యి ఊపాడు. "మిసెస్ రాజ్! అక్కడే గడ్డకట్టుకుపోతావు. వచ్చి నువ్వూ మూడు కాల్చు. నీకూ లైసెన్స్ ఉందిగా?"

ఉంది. వేట క్లాసుకు సుందర్ రాజ్‌ని రోజూ డ్రైవ్ చేసి తీసుకెళ్లింది ఆమే. బయట చలిలో కూర్చోలేక లోపల వెనక బెంచీలో కూర్చుంది, కూర్చున్నందుకు పరీక్ష కూడా రాసింది. అతను అటూ ఇటూగా పాసయ్యాడు. ఆమె పేపర్ మాస్టారు అందరికీ చూపించాడు.

నవోమి బల్ల ముందు కూర్చుని, గాజులు పైకి తోసుకుంది. ఎమిల్ చూపించినట్టు తుపాకీ మడమను భుజం గుంటలోకి గట్టిగా ఒత్తుకుంది. చెంప కర్రకు ఆనించి ఒళ్లు ముందుకు వంచింది. చాలాసేపు ఏమీ జరగలేదు. సుందర్ రాజ్ ఇక కాల్చదులే అనుకుంటుండగా తుపాకీ పేలింది. ఆమె భుజం వెనక్కి ఊగి మళ్లీ తన చోటికి తను వచ్చింది. తుపాకీతో పాటు ఊగింది గాని దానితో కుస్తీ పట్టలేదు.

మూడూ అలాగే కాల్చింది. మూడు చిల్లులూ ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి, ప్లేట్‌లో మాత్రం కాదు. దానికి పైన, కుడివైపు, ఉత్త అట్టలో.

"ఒక్కటీ ప్లేట్‌కి తగల్లేదే, పాపం," అన్నాడు సుందర్ రాజ్. ఆ 'పాపం'లో పట్టరాని సంతోషం ఉంది.

ఎమిల్ అట్ట దాకా నడిచి, మూడు చిల్లుల మీదా అరచెయ్యి పెట్టి చూశాడు. మూడూ ఆ చేతి కిందే ఇమిడిపోయాయి. తిరిగొచ్చి అడిగాడు.

"రాజ్, సైటు ముట్టుకున్నావా?"

"కొంచెం."

"ఎంత?"

"ఆరు పైకి. నాలుగు కుడికి."

"అయితే తుపాకీని సరిచేసుకోలేదు నువ్వు. నీ భయానికి తగ్గట్టు దాన్ని వంకర చేసుకున్నావు." ఎమిల్ కోప్పడలేదు, అదే ఎక్కువ మండింది. పైకి వినబడేలా లెక్కపెడుతూ అన్ని టిక్కులూ వెనక్కి తిప్పి తుపాకీ నవోమి చేతిలో పెట్టాడు. ఈసారి మూడూ ప్లేట్ నడిమధ్య పడ్డాయి.

ఎమిల్ ఈల వేశాడు. "ట్రక్కులో ఉన్నది ఒకటే సీటు. వచ్చే శనివారం ఇద్దరూ రండి. ఎవరివి మూడు పడితే సీటు వాళ్లది. ఆడా మగా నాకు అనవసరం. అక్కడ మా చెల్లెలూ ఉంటుంది."

ఇంటికి వెళ్లేటప్పుడు కార్ నవోమే నడిపింది. సుందర్ రాజ్ పక్క సీట్లో భుజం రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"ఏమండీ, ఆయన స్క్వీజ్ అన్నది పిండమని కాదండీ," అంది చివరికి. "వేలితో నెమ్మదిగా నొక్కమని. మేం నర్సులం ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు నొక్కుతామే, అలా. మీరు చెయ్యంతా పిండేస్తున్నారు. అందుకే గొట్టం కిందికి పోతోంది."

"నాకు ఇంగ్లీషు కూడా నువ్వే నేర్పాలా?"

ఆమె వైపర్లు వేసింది. వాన కూడా లేదు.

ఆదివారం మధ్యాహ్నం తెలుగు ఆరాధన, అమెరికన్ల చర్చి బేస్‌మెంట్‌లో. ఆరాధన అయ్యాక టీ. విషయం అప్పటికే అందరికీ తెలిసిపోయింది. నవోమి సంఘంలో తన స్నేహితురాలు మణికి చెప్పింది, మణికి చెప్తే మైకులో చెప్పినట్టే. సంఘపెద్ద దైవాశీర్వాదం గారు సమోసా పట్టుకుని సుందర్ రాజ్ దగ్గరికి వచ్చారు.

"ఏమయ్యా, మీ ఆవిడకి గురి భలేగా కుదిరిందటగా?"

"ఏదో అండి, గుడ్డిగా తగిలింది."

"మూడు సార్లు గుడ్డిగా తగుల్తుందా? మరి నీకు?"

"నా గురికేం, బాగానే ఉంది. సైటుతోనే కొంచెం..."

"గురి లేనివాడికి అన్నిట్లోనూ తేడాలే కనిపిస్తాయిరా అబ్బాయ్, పెళ్లాంతో సహా." ఆయన పెద్దగా నవ్వారు. ఆయన తుపాకీ గురి గురించి అన్నారో, మనిషి మీద మనిషికుండే గురి గురించి అన్నారో సుందర్ రాజ్ తేల్చుకోలేకపోయాడు. రెండూ ఒకటే మాట కావడం తెలుగులో ఉన్న ఇబ్బంది. అతను చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

సోమవారం ఫ్యాక్టరీలో ఎవరో అతని గేజ్ పెట్టె మీద పేపర్ ప్లేట్ అంటించారు. మధ్యలో పెన్నుతో మూడు చుక్కలు, కింద 'మిసెస్ రాజ్'. అందరితో పాటు తనూ నవ్వాడు. ఇన్నేళ్లలో షాప్ అంతా కలిసి తన గురించి నవ్వడం ఇదే మొదలు. అదీ ఆమె పుణ్యమే.

అసూయ అంటే ఏమిటో సుందర్ రాజ్‌కి తెలుసు. షాప్‌లో ఎవడికైనా ఓవర్‌టైమ్ దొరికితే కాస్త కుట్టేది. కానీ పక్కమీద పక్కన పడుకున్న మనిషి మీద, తన భుజానికి ఐస్ మూట పెడుతున్న చేతి మీద ఇలా రగులుతుందని తెలియదు. ఈ దేశం ముందు ఆమెనే పిలిచింది, నర్సుగా. అతను ఆమె వెనకాల వచ్చాడు. బ్యాంకులో, ఆస్పత్రిలో, అపార్ట్‌మెంట్ ఆఫీసులో ముందు ఆమె పేరే అడుగుతారు. పోనీలే అనుకున్నాడు. ఈ ఒక్కటైనా, ఈ మోటు, మొరటు, మగవాళ్ల పని ఒక్కటైనా తనదే అవుతుందనుకున్నాడు. దీన్లోనూ ఆమే ముందు. అదీ స్వెట్టర్ పక్కన పెట్టి వచ్చి మరీ.

"ఇక్కడేనా నొప్పి?" అడిగింది నవోమి, నీలంగా కమిలిన చోట వేలితో తడుముతూ.

"నొప్పేం లేదు."

"రేపు నీలం పసుపుపచ్చగా మారుతుంది. అప్పుడు తగ్గుతున్నట్టు."

అది కూడా ఆమెకే తెలుసు.

బుధవారం అతను కొంచెం ముందుగా ఇంటికొచ్చాడు. నవోమి ఇంకా సాయంత్రం డ్యూటీకి బయల్దేరలేదు. తాళంచెవి తియ్యబోతూ వంటింటి కిటికీలోంచి చూసి ఆగిపోయాడు. ఆమె తెల్ల యూనిఫారంలో, తెల్ల బూట్లలో నిలబడి ఉంది. పొడుగు కర్ర చీపురు భుజానికి ఆనించి, చెంప కర్రకు తాకించి, ఒక కన్నుతో గోడ గడియారానికి గురి చూస్తోంది. చూపుడువేలు మెల్లగా, మెల్లగా ముడుచుకుంది. పెదాలతో "ఠాప్" అనుకుని, భుజం కొంచెం వెనక్కి ఊపి, తనలో తనే నవ్వుకుంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఒంటరిగా అలా నవ్వగా అతను చూడలేదు. ఆస్పత్రి నుంచి వచ్చి బూట్లు విప్పేటప్పుడు, పప్పు తాలింపు పెట్టేటప్పుడు, ఎప్పుడూ ఆ ముఖంలో ఇంకో పని గుర్తుండేది. ఇప్పుడు లేదు. చూసి మురిసిపోవలసిన మొగుడు కిటికీ బయట చలిలో నిలబడి పళ్లు కొరుక్కున్నాడు. అంటే ఇది ఆటకాదు. ఆమెకీ కావాలి ఆ సీటు.

ఆమె వెళ్లిపోయాక కోట్ల బీరువాలోంచి తుపాకీ తీశాడు. తెరిచి, ఖాళీ అని చూసుకుని, మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆరు పైకి. నాలుగు కుడికి. ఒక్కో టిక్కూ ఖాళీ ఇంట్లో గట్టిగా వినబడింది. ఇలా ఉంటే తను పిండినా, మూసుకున్నా, ముడుచుకున్నా ప్లేట్‌లోనే పడుతుంది. ఆమె చక్కగా, పద్ధతిగా కాల్చి, పద్ధతిగా ప్లేట్ బయట పెట్టుకుంటుంది. తుపాకీ నాది, సైటు నాది, నాకు కావలసినట్టు పెట్టుకున్నాను, తప్పేముంది అనుకున్నాడు. తప్పు లేనప్పుడు ఇన్నిసార్లు ఎందుకు అనుకోవాలో తెలియలేదు.

శుక్రవారం ఆమె చపాతీలు వత్తుతూ అంది. "రేపు మీరే ముందు కాల్చండి."

"ఏం?"

"ఊరికే. మీరు ముందు కాలిస్తే మంచిది."

జాలి పడుతోందనుకున్నాడు. ఇంకా ఒళ్లు మండింది. "సరే," అన్నాడు.

శనివారం సన్నగా మంచు రాలుతోంది. ఎమిల్ అట్టకు కొత్త ప్లేట్ పిన్ను చేసి వచ్చాడు. సుందర్ రాజ్ ఈసారి తువ్వాలు కూడా దాచుకోలేదు, ధైర్యంగా కూర్చున్నాడు. కుడిచెయ్యి మొత్తం బిగించి పిండాడు. తుపాకీ తన్నింది.

"పైకి పోయింది," అన్నాడు ఎమిల్. "కుడికి."

"కుడికా?"

"ప్లేట్ బయట."

మళ్లీ కాల్చాడు. మళ్లీ అక్కడే. పోయిన శనివారం కిందికి ఎడమకి పోయిన మనిషి పైకి కుడికి ఎలా పోతాడు? ఎమిల్ ఇంకేం మాట్లాడకుండా తుపాకీ తీసుకుని, తను కూర్చుని ఒకటి కాల్చాడు. ప్లేట్ సంగతి అటుంచి, ఆ దెబ్బ అట్టకే తగల్లేదు. అట్ట మూలకు పైన మట్టిగట్టు మీద దుమ్ము లేచింది.

ఎమిల్ తుపాకీ ఖాళీ చేసి బల్లమీద పెట్టాడు. "దీని సైటు ఎవరో తిప్పారు. చాలా దూరం తిప్పారు. కాల్చి చూడకుండా సైటు తిప్పిన తుపాకీ అడవిలోకి వస్తే, దాని ముందు ఎవరుంటారో ఎవరికీ తెలియదు. ఎవరు?"

"నేనే," అంది నవోమి.

సుందర్ రాజ్ ఆమె వైపు తిరిగాడు. ఆమె ముఖం జేవురించింది. అతనితో తెలుగులో, గబగబా చెప్పింది.

"మొన్న గురువారం పొద్దున, మీరు ఫ్యాక్టరీకి వెళ్లాక తిప్పానండీ. మీరు ఆయనకి చెప్పిన లెక్కే. ఆరు పైకి, నాలుగు కుడికి. అలా ఉంటే మీకు పడుతుంది కదా, నాకెలాగూ పడదు, మీరే వెళ్తారు అని. మరి ఇంత దూరం ఎందుకు పోతోందో నాకు అర్థం కావట్లేదు. లెక్క తప్పానా?"

తప్పలేదు. ఆమె లెక్క ఎప్పుడూ తప్పదు. ఆమె ఆరూ తన ఆరూ, ఆమె నాలుగూ తన నాలుగూ.

"నేను బుధవారమే తిప్పాను," అన్నాడు.

"మీరూనా?" ఆమె తేలిగ్గా ఊపిరి వదిలింది. "అయ్యో, ముందే అనుకోవాల్సింది. నేనేమో మీ కోసం తిప్పాను. మీరూ మీ కోసం తిప్పుకున్నారన్నమాట."

ఔనంటే అయిపోయేది. ఆమె స్వయంగా తలుపు తెరిచి పట్టుకుంది, అతను అందులోంచి బయటికి నడవడమే. వీధిలో ఎవరికి చెప్పినా నమ్మేవాళ్లు.

"కాదు," అన్నాడు సుందర్ రాజ్. "నీ కోసం."

ఆమెకు ఒక క్షణం అందలేదు.

"నాకు పడాలని మాత్రమే కాదు. నీకు పడకూడదని."

నవోమి ముఖం తిప్పుకుంది. బల్లమీద ఖాళీ తూటా గొట్టాలు దొర్లుతుంటే ఒక్కొక్కటే ఏరి నిలబెట్టింది. ఒక గొట్టం ఆమె వేళ్లలోంచి జారి కింద పడింది. ప్రాణం పోతున్న మనుషుల దగ్గర కూడా తడబడని వేళ్లని ఆస్పత్రిలో అందరూ చెప్పుకునే వేళ్లు అవి.

"ఏమంటున్నాడు?" అడిగాడు ఎమిల్.

"తను ముట్టుకోలేదంటున్నారు," అంది నవోమి ఇంగ్లీషులో, నింపాదిగా. "తప్పంతా నాదే. నాకు సరిగా తెలియక రెండుసార్లు తిప్పాను. సీటు ఆయనకివ్వండి."

ఎమిల్ ఆ మాట నమ్మాడు. ఎవరైనా నమ్ముతారు, అంత చక్కగా చెప్పింది. సుందర్ రాజ్‌కి ఆ క్షణంలో కూడా ముందు పొడిచింది అసూయే. అబద్ధం కూడా తనకన్నా ఈమే బాగా ఆడుతుందే! ఆ తర్వాత సిగ్గేసింది. తుపాకీ తన్ను దాని ముందు దిగదుడుపు.

"నో," అన్నాడు. అతని ఇంగ్లీషు ఎప్పటికన్నా ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఫస్ట్ ఐ టర్న్‌డ్. షీ డోంట్ నో. ఐ వాంట్ హర్ టు మిస్."

ఎమిల్ టోపీ మీద పేరుకున్న మంచు దులుపుకున్నాడు.

"నా ట్రక్కులో నీకు సీటు లేదు రాజ్," అన్నాడు. "ఈ ఏడు లేదు. వచ్చే ఏటి సంగతి ఏడాది నిన్ను చూసి చెప్తాను."

సుందర్ రాజ్ తలూపాడు. ఎమిల్ సైటు సరిచేయడానికి తుపాకీ అందుకోబోతే నవోమి చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరొద్దు. ఆయన చేస్తారు."

"ఇతనా?"

"ఆయన తిప్పిందీ నేను తిప్పిందీ, మొత్తం ఎంతో ఆయనకి తెలుసు." తర్వాత తెలుగులో, మొగుడి ముఖం చూడకుండా అంది. "తిప్పండి. నేను కాలుస్తాను. నాకూ వెళ్లాలనుంది. మీకని మానుకున్నాను గాని, నాకు చాలా వెళ్లాలనుంది."

అతను తుపాకీ తీసుకుని మరల మీద వేళ్లు పెట్టాడు. చలికి వేళ్లు మొద్దుబారాయి. తన ఆరూ కిందికి దించాడు. ఆమె ఆరూ దించాడు. తన నాలుగూ, ఎడమకి. ఆమె నాలుగు దగ్గర, ఒకటి మిగిలి ఉండగా, వేళ్లు ఆగాయి. ఈ ఒక్కటీ వదిలేస్తే? ఒక్క టిక్కు ఎవరికి తెలుస్తుంది? ఇంత జరిగాక కూడా బుద్ధి అటే పోతోందని తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది. చివరి టిక్కు కూడా తిప్పి తుపాకీ ఆమె చేతికిచ్చాడు.

"ఒకటి నేను కాల్చి చూడనా ముందు?" అన్నాడు ఎమిల్.

"అక్కర్లేదు," అంది నవోమి.

సైటు వైపు పరిశీలనగా చూడనైనా చూడలేదు. మడమ భుజం గుంటలో ఒత్తుకుని, చెంప ఆనించి, ముందుకు వంగింది. ఎప్పటిలాగే చాలాసేపు ఏమీ జరగలేదు. తగలాలి, దేవా, తగలాలి అనుకుంటున్నది తనేనని సుందర్ రాజ్ ఆలస్యంగా గ్రహించాడు. అసూయ ఎక్కడికీ పోలేదు, భుజం సలుపుతున్నట్టే లోపల ఇంకా సలుపుతోంది. దాని పక్కనే ఈ ప్రార్థన కూడా నడుస్తోంది.

తుపాకీ పేలింది. ఎమిల్ బైనాక్యులర్స్ కళ్లకు ఎత్తుకునేలోగానే, తెల్లటి ప్లేట్ నడుమ నల్లగా కనిపించిన చిల్లును చూసి సుందర్ రాజ్ అరిచాడు.

"పడింది! నవోమీ, మధ్యలో పడింది!"

ఆమె కర్ర మీంచి చెంప ఎత్తలేదు.

"అరవకండి," అంది. "ఇంకా రెండున్నాయి."